చెవిలోని శంఖము

బొలోనా ఇటలీదేశమునందలి ప్రాచీన విద్యానగరము. 18వ శతాబ్దపు చివరిభాగమున ఆ నగరమున ఎనిమిదేండ్ల బాలుడొకడు మరణించెను. బండి తగిలి వాని పాదమునకు గాయమయ్యెను. ఆ గాయము కుళ్ళి ప్రాణము తీసెను. ఆ బాలుడు పుట్టుకతోనే బధిరుడు. తల్లి పాడు జోలపాట గాని, వీధిలో పోవు బండ్ల చప్పుడు గాని వాడెన్నడును వినియెరుగడు.

కార్లో మొందీని అను వైద్యుడు ఆ నగరమున శరీరనిర్మాణశాస్త్రమును బోధించుచుండెను. ఈ బాలుడేల వినలేకపోయెనో తెలిసికొనవలెనని ఆయనకు తోచెను. మృతదేహమునందలి చెవి యెముకలను ఓర్పుతో తొలిచి, లోపలి భాగములను పరీక్షించెను. మానవుని చెవిలో శంఖమువలె చుట్లు తిరిగిన భాగమొకటి కలదు. దానికి సాధారణముగా రెండున్నర చుట్లుండును. ఈ బాలుని చెవిలోని శంఖము ఒకటిన్నర చుట్టు తిరిగి, అక్కడనే ఆగిపోయియుండెను. మొందీని తాను కనుగొన్న విషయమును 1791వ సంవత్సరమున బొలోనాలోని శాస్త్రపరిషత్తునకు విన్నవించెను. నేటికిని వైద్యులు అట్టి లోపమును ఆయన పేరుతోనే వ్యవహరింతురు.

బాలుని వినికిడి లోపమునకు కారణము తెలిసెను. కాని తెలియునప్పటికి బాలుడు లేడు. జీవించియున్న బిడ్డ చెవిలో నేమున్నదో చూచుటెట్లు? కత్తి పట్టక, ఎముక తొలువక, నొప్పి కలిగింపక చూచుట సాధ్యమా? ఈ ప్రశ్నకు సమాధానము లభించుటకు సుమారు 200 సంవత్సరములు పట్టెను.

చెవి యనగానే తలకు ఇరుప్రక్కల కనబడు డొప్పలే మనకు తోచును. నిజమునకు అవి వాకిలి మాత్రమే. ధ్వనితరంగములు ఆ వాకిటినుండి లోపలికి పోయి కర్ణభేరి యను పలుచని పొరను కదలించును. ఆ కదలికను కూటకము, దాగలి, కర్ణాంతరాస్థి యను మూడు చిన్న యెముకలు ఒకదానినుండి మరియొకదానికి అందించును. వీనిలో మూడవది మన దేహమునందలి యెముకలన్నింటిలోను చిన్నది. దాని కావల నున్నదే లోపలిచెవి. దీనిని అంతరకర్ణమందురు.

అంతరకర్ణము కణతయెముక గర్భమున దాగియున్నది. అక్కడి యెముక ఎంత గట్టిదనగా, వైద్యులు దానిని రాతితో పోల్చి పేరిడిరి. ఆ రాతికోటలో రెండు విధములైన భాగములు కలవు. మూడు అర్ధవృత్తాకార కుల్యలు మనము తూలిపడకుండ నిలుచుటకు తోడ్పడును. శంఖమువంటి భాగము వినుటకు తోడ్పడును. 1561లో ఇటలీ వైద్యుడు గాబ్రియేలె ఫలోపియో దీనికి నత్తగుల్ల యను అర్థము వచ్చునట్లు 'కాక్లియా' యని పేరు పెట్టెను. తెలుగు శాస్త్రగ్రంథములలో దీనికి కర్ణావర్తమని పేరు. అది ఇంచుమించు శనగగింజంత యుండును. దాని చుట్లను విప్పి సాగదీసినచో సుమారు 35 మిల్లీమీటర్ల పొడవగును. దానిలోపల ద్రవము నిండియుండును. ఆ ద్రవము కదలినపుడు దాదాపు 15,000 రోమకణములు ఆ కదలికను గ్రహించి విద్యుత్సంకేతములుగా మార్చును. సుమారు 30,000 తంతువులు గల శ్రవణనాడి ఆ సంకేతములను మెదడునకు చేర్చును. అప్పుడే మనము 'వింటిమి' అని యందుము.

ఈ శంఖము తల్లిగర్భమునందే రూపొందును. నాలుగవ వారమునాటికి చెవి మొలక ఏర్పడును. ఎనిమిది, పది వారముల నడుమ చుట్లు పూర్తియగును. ఈ స్వల్పకాలములో ఏ కారణముచేత నైనను ఎదుగుదల ఆగినచో, శంఖము ఆ దశయందే నిలిచిపోవును. మొదటనే ఆగినచో అంతరకర్ణమే యుండదు. కొంత తరువాత ఆగినచో చుట్లు లేని ఒక సంచి మాత్రమే యుండును. ఇంకను తరువాత ఆగినచో ఒకటిన్నర చుట్టుండును. బొలోనా బాలుని చెవి ఇట్టిది. రాబర్ట్ జాక్లర్ మొదలగు అమెరికా వైద్యులు 1987లో ఈ దశల ననుసరించియే అంతరకర్ణ లోపములను వర్గీకరించిరి. సగము కట్టి విడిచిన గోడను చూచి పని ఏనాడు ఆగినదో తాపీపనివాడు చెప్పగలిగినట్లు, శంఖము ఆకారమును చూచి దాని పెరుగుదల ఏ వారమున ఆగినదో వైద్యుడు ఊహింపగలడు. ఒక్క విశేషము: అంతరకర్ణము పుట్టుకనాటికే పెద్దవారి చెవియంత పరిమాణము పొందియుండును. కావున చంటిబిడ్డ చెవిలోని శంఖము పెద్దవారి శంఖముకంటె చిన్నది కాదు.

ఇక దానిని చూచుటెట్లో తెలిసికొందము. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వ్యుర్ట్స్‌బర్గు నగరమున విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్సు కిరణములను కనుగొనెను. ఆ కిరణములు మాంసము గుండ దూసికొనిపోవును. ఎముక వానిని చాలవరకు అడ్డగించును. కావున తెరమీద ఎముక నీడ పడును. విరిగిన చేయి యెముకను చూచుటకు ఆ నీడ చాలును. కాని అంతరకర్ణమును చూచుటకు చాలదు. తోలుబొమ్మలాటలో రెండు బొమ్మలను ఒకదాని వెనుక నొకటి పట్టినచో తెరపై ఏ గీత ఏ బొమ్మదో తెలియునా? తలయెముకల నీడలన్నియు ఒకదానిపై నొకటి పడుటచేత శనగగింజంత శంఖము వానిలో కలిసిపోవును.

ఈ చిక్కును విడదీసినవాడు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అను ఇంగ్లీషు ఇంజనీరు. మూసియున్న పెట్టెను తెరువకయే, అన్ని వైపులనుండి కిరణములను పంపి కొలతలు తీసికొన్నచో లోపల నేమున్నదో లెక్కగట్టవచ్చునని ఆయన తలపోసెను. ఆ లెక్కలు మనుష్యుడు చేయదగినవి కావు, కంప్యూటరు చేయవలెను. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఆయన యంత్రము మొదటిసారి ఒక రోగి తలలోపలి చిత్రమును తీసెను. ఇదియే సి.టి. స్కాన్. దోసకాయను చక్రములుగా తరిగినచో లోపలి గింజలు ఎట్లు కనబడునో, అట్లే ఈ యంత్రము కత్తి లేకయే తలను పలుచని పొరలుగా చేసి చూపును. ఇట్టి లెక్కల గణితమును వేరుగా కనుగొన్న అలన్ కార్మాక్‌తో కూడ హౌన్స్‌ఫీల్డ్ 1979లో నోబెల్ బహుమానము నందుకొనెను. మొదటి యంత్రపు చిత్రములు మొద్దుగా నుండెడివి. నేటి యంత్రములు అర మిల్లీమీటరు మందముగల పొరలను చూపగలవు. అందుచేత శంఖపు చుట్లను ఒక్కొక్కటిగా లెక్కింపవచ్చును.

సి.టి. స్కాన్ ఎముకను చక్కగా చూపును. కాని చెవిలో ఎముక మాత్రమే లేదుగదా! లోపలి ద్రవమును, శ్రవణనాడిని చూచుటకు ఎం.ఆర్.ఐ. అను మరియొక సాధనము కావలెను. 1973లో పాల్ లాటర్‌బర్ దీనికి దారి చూపెను; పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానిని వృద్ధిచేసెను. ఇరువురును 2003లో నోబెల్ బహుమానము పొందిరి. ఈ యంత్రమున ఎక్సు కిరణములు లేవు. ఇది పెద్ద అయస్కాంతము. దాని బలము భూమి అయస్కాంత బలమునకు వేలకొలది రెట్లుండును. దేహమునందలి నీటిలో నున్న హైడ్రోజను పరమాణువులు ఆ అయస్కాంతమునకు లోబడి, రేడియో తరంగములు తాకినపుడు బదులు పలుకును. ఆ పలుకులనుండి కంప్యూటరు చిత్రమును నిర్మించును. చెవి కొరకు తీయు చిత్రములో ద్రవము తెల్లగా మెరయును. దాని నడుమ నాడులు సన్నని నల్లదారములవలె కనబడును. సి.టి. స్కాన్ ఇంటి గోడలను చూపునని, ఎం.ఆర్.ఐ. ఆ యింటికి వచ్చు తీగలను చూపునని చెప్పవచ్చును.

నేడు ప్రతి 1000 మంది నవజాత శిశువులలో ఒకరు మొదలు ముగ్గురివరకు తీవ్రమైన లేదా శాశ్వతమైన వినికిడి లోపముతో పుట్టుచున్నారు. వీరిని తొలిదినములలోనే గుర్తింపవచ్చును. ఆరోగ్యముగల చెవి శబ్దమును గ్రహించుటయే గాక, తానును అతి సూక్ష్మమైన ధ్వనిని వెలువరించును. ఈ వింతను 1978లో లండనులో డేవిడ్ కెంప్ కనుగొనెను. నిద్రించు శిశువు చెవిలో చిన్న సాధనము నుంచి ఆ ధ్వని వచ్చుచున్నదో లేదో చూతురు. రానిచో ఇతర పరీక్షలు చేయుదురు. లోపము తీవ్రమైనదని తేలినప్పుడు అంతరకర్ణ చిత్రము తీయుదురు. చిత్రము తీయునంతసేపు బిడ్డ కదలరాదు. ఎం.ఆర్.ఐ. కొరకు చంటిబిడ్డకు పాలిచ్చి, వస్త్రమున చుట్టి నిద్రపుచ్చుదురు. కొందరికి మత్తుమందు ఈయవలసివచ్చును. ఆ యంత్రము పెద్దధ్వని చేయును. బిడ్డకు వినికిడి లేదని తలచియు చెవులను కప్పకుండ విడువరు. కొద్దిపాటి వినికిడి మిగిలియున్నచో, దానిని కాపాడుట వైద్యుని ధర్మము.

వెలుపల తల్లిదండ్రులు వేచియుందురు. ఆ చిత్రము వారికేమి చెప్పగలదు?

శంఖము సరిగానున్నది, నాడియు నున్నది యని చెప్పవచ్చును. అట్లయినచో రోమకణములు చేయని పనిని యంత్రముచేత చేయించు మార్గము తెరచియున్నది. శంఖము లోపభూయిష్ఠమైనను నాడి యున్నదని చెప్పవచ్చును. అప్పుడును మార్గము మూసికొనిపోలేదు. కాని శస్త్రవైద్యుడు ముందుగా జాగ్రత్తపడవలెను. శంఖమే లేదు, లేదా నాడియే లేదు అని చెప్పవచ్చును. తీగ లేని యింట దీపము పెట్టి ప్రయోజన మేమి? అట్టి బిడ్డకు చెవిలో యంత్రము నమర్చినను వినబడదు. చిత్రము లేని దినములలో ఈ సంగతి శస్త్రచికిత్సకు పూర్వము తెలియుటకు వీలు లేకుండెను.

ఆ యంత్రమును గూర్చి కొంత తెలిసికొనవలెను. గ్రేమ్ క్లార్క్ అను ఆస్ట్రేలియా వైద్యుని తండ్రికి వినికిడి తక్కువ. తండ్రి పడు శ్రమను బాల్యమునుండి చూచిన క్లార్క్ బధిరులకు ధ్వని నందింపవలెనని సంకల్పించెను. సన్నని తీగను చుట్లు తిరిగిన శంఖములోనికి, దానికి హాని కలుగకుండ పోనిచ్చుట యెట్లో ఆయనకు తోచలేదు. 1977లో ఒకనాడు సముద్రతీరమున ఆయన చేతికి చుట్లుగల గుల్ల దొరకెను. ప్రక్కనున్న గడ్డిపోచలను దానిలోనికి దూర్చి చూచెను. మొదట గట్టిగాను, కొన మెత్తగాను ఉన్న పోచ చుట్ల వెంట చక్కగా లోపలికి పోయెను. తీగయు అట్లే యుండవలెనని ఆయన గ్రహించెను. 1978 ఆగస్టు 1వ తేదీన మెల్బోర్ను నగరమున, ప్రమాదములో వినికిడి పోగొట్టుకొనిన ఒకనికి అనేక విద్యుద్గ్రములుగల తీగను ఆయన అమర్చెను. దీనినే నేడు కాక్లియర్ ఇంప్లాంటు అందురు. 1990లో అమెరికా ప్రభుత్వము రెండేండ్లు నిండిన పిల్లలకు దీనిని అమర్చుటకు అనుమతించెను. పిదప ఇంకను చిన్నబిడ్డలకును అమర్చుచున్నారు. శంఖము గాని నాడి గాని లేనివారిలో కొందరికి మెదడు మొదటనే విద్యుద్గ్రముల నమర్చు పద్ధతియు కలదు. దీనిని 1979లో అమెరికాలో తొలిసారి ప్రయోగించిరి. అది కష్టతరమైన చికిత్స. ఫలితము అందరియందు నొక్కరీతిగా నుండదు.

చిత్రము శస్త్రవైద్యునకు దారి చూపు దీపము. కొందరి చెవిలో శంఖమునకు మెదడు చుట్టునున్న ద్రవమునకు నడుమ గోడ సరిగా నుండదు. తీగను దూర్చగానే ఆ ద్రవము వెల్లువవలె పైకి వచ్చును. కొందరిలో ముఖమును కదలించు నాడి తన మామూలు దారి తప్పియుండును. దానికి గాయమైనచో ముఖము ఒకవైపు చచ్చుబడును. ఈ యపాయములను ముందుగా నెరిగినవాడు తగిన యేర్పాట్లతో కత్తి పట్టును.

మరికొందరి చెవిలో అంతరకర్ణమునుండి పోవు సన్నని ఎముకకాలువ యొకటి ఉండవలసినదానికంటె వెడల్పుగా నుండును. దీనిని 1978లో అమెరికా వైద్యులిద్దరు వర్ణించిరి. ఇట్టి పిల్లలకు పుట్టినపుడు కొంత వినికిడి యుండి, క్రమముగా గాని, తలకు దెబ్బ తగిలినపుడు హఠాత్తుగా గాని అది తగ్గవచ్చును. చిత్రములో ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు బిడ్డను తలకు దెబ్బలు తగులు ఆటలనుండి కాపాడుకొందురు. మిగిలియున్న వినికిడిని నిలుపుకొనుటకు ఇది తోడ్పడును.

అయితే చిత్రమునకును హద్దులు కలవు. పుట్టుబధిరులైన పిల్లలలో నూటికి సుమారు 20 మందికి మాత్రమే ఎముకలో లోపము కనబడును. మిగిలినవారిలో లోపము రోమకణముల స్థాయిలో నుండుటచేత శంఖము చూచుటకు నిండుగానే యుండును. 1997లో శాస్త్రజ్ఞులు కనెక్సిన్ 26 అను పదార్థమునకు మూలమైన జన్యువులోని దోషము వంశపారంపర్య బధిరత్వమునకు కారణమగుచున్నదని కనుగొనిరి. అట్టివారిలో చాలమంది చెవి చిత్రము నిర్దోషముగా నుండును. కావున 'చిత్రములో ఏమియు లేదు' అనగా 'బిడ్డకు లోపము లేదు' అని యర్థము కాదు. అదియునుగాక సి.టి. స్కాన్‌లో ఎక్సు కిరణములు గలవు. ఎదుగు బిడ్డలకు వానిని అవసరము లేక ప్రయోగింపరాదు. వైద్యులు ఏ చిత్రము కావలెనో ఆలోచించి, సాధ్యమైనంత తక్కువ కిరణములతో తీయుదురు.

కాలము కూడ ఒక ముఖ్యవిషయము. బిడ్డ మెదడు మాటను నేర్చుకొనుటకు తొలి సంవత్సరములే అనుకూలమైనవి. పదునైన మట్టి పదునులోనే విత్తనము మొలచును. పదనారిన పిదప ఎంత విత్తినను ఫలము తక్కువ. అందుచేత పుట్టిన నెలలోపల పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆరు నెలలలోపల సహాయము జరుగవలెనని నిపుణులు చెప్పుదురు. యంత్రము నమర్చినంతమాత్రమున బిడ్డ మాటలాడడు. మొదట వినబడు ధ్వనులకు అర్థము తెలియదు. తల్లిదండ్రులును శిక్షకులును మాసములు, సంవత్సరములు ఓర్పుతో నేర్పవలెను. ఈ చికిత్స వ్యయముతో కూడినది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము బీదకుటుంబముల పిల్లలకు ఈ శస్త్రచికిత్సను అందుబాటులోనికి తెచ్చెను.

మరి నాడి లేదని చిత్రము చెప్పిన బిడ్డ మాట యేమి? ఆ చిత్రము చెవిని గూర్చి మాత్రమే చెప్పినది. బుద్ధిని గూర్చి చెప్పలేదు. చేతులతో, ముఖకవళికలతో మాటలాడు సంజ్ఞాభాషకు వ్యాకరణము గలదు, పదసంపద గలదు. మొందీని కాలముననే ఫ్రాన్సుదేశమున షార్ల్ మిషెల్ ద లెపే అను మతగురువు పారిసు నగరమున బధిరులైన బాలబాలికలకు పాఠశాల నెలకొల్పి, సంజ్ఞలతో చదువు చెప్పెను. మన దేశమున 2015లో న్యూఢిల్లీ నగరమున భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రము స్థాపితమయ్యెను. భాష చెవినుండి రావచ్చును, కంటినుండియు రావచ్చును. ఏ మార్గమున వచ్చినను అది సకాలమున రావలెను. చిత్రము చేయు మేలు ఇదియే: ఏ మార్గమున బిడ్డను నడిపింపవలెనో వృథా ఆశలతో సంవత్సరములు గడచిపోకముందే తెలుపును.

తరగతిలో చెవికి యంత్రము పెట్టుకొన్న బాలుడు గాని, చేతులతో మాటలాడు బాలిక గాని యున్నచో, వారిని చూచి నవ్వుట అజ్ఞానము. వారి యెదుట నిలిచి, ముఖము కనబడునట్లు, నెమ్మదిగా, స్పష్టముగా మాటలాడుట నేర్చుకొనవలెను. రెండు మూడు సంజ్ఞలు నేర్చుకొన్నచో మరియు మంచిది.

బొలోనా బాలుని చెవిని చూచుటకు వాని మరణమువరకు వేచియుండవలసివచ్చెను. నేటి బిడ్డ నిద్రలేచి తల్లి యొడి చేరునప్పటికి వాని చెవిలోని శంఖము వైద్యుని కన్నులయెదుట నుండును. ఆ చిత్రము చూచినవారు ఆ బిడ్డ కొరకు ఏమి చేయుదురో దానిమీదనే వాని భవిష్యత్తు ఆధారపడియుండును.

ప్రశ్నలు

1. మొందీని కనుగొన్న లోపమెట్టిది? అది ఎప్పుడు, ఎట్లు ఏర్పడును?
2. సాధారణమైన ఎక్సురే చిత్రములో అంతరకర్ణము స్పష్టముగా కనబడకపోవుటకు కారణమేమి?
3. సి.టి. స్కాన్‌కు ఎం.ఆర్.ఐ.కి గల భేదములను వివరింపుము.
4. గడ్డిపోచ గ్రేమ్ క్లార్క్‌కు నేర్పిన పాఠమేమి?
5. "చిత్రము చెవిని గూర్చి మాత్రమే చెప్పినది, బుద్ధిని గూర్చి చెప్పలేదు." ఈ వాక్యమును సొంతమాటలలో విశదీకరింపుము.